సుందరి చెయ్యెత్తింది

నల్లగండ్ల,
విజయదశమి, 1972

తమ్ముడు రామబ్రహ్మానికి అక్క దీవెనలు. మరదలికీ చెప్పు.

ఇంజనీరైతే మాత్రం, ఒంటరి ఆడపిల్ల పట్నంలో ఎలా ఉంటుందని, సుందరిని వెంటపెట్టుకు రమ్మని నన్ను పంపావు. వస్తూనే మూట సర్దుకోమన్నాను. నీ కూతురు ఎదురు చెప్పలేదు. "ఆయుధపూజకి మా ఫ్యాక్టరీకి రా అత్తయ్యా, తర్వాత నువ్వెలా చెబితే అలా" అంది.

నిన్న వెళ్ళాను. లోపల మన ఇంటికన్నా పొడుగైన ఇనుప ఇరుసు ఉంది. దాన్ని క్రేనుకు ఎక్కడెక్కడ కట్టాలో లెక్క వేసింది సుందరేనట. పూజయ్యాక ఒకసారి ఎత్తి దించడం అక్కడి ఆచారం. అందరూ దూరంగా జరిగారు. రెండు వందల మంది మగవాళ్ళు నీ కూతురి వంకే చూస్తున్నారు. క్రేను నడిపేవాడికి సైగగా అది చెయ్యెత్తింది. అంత ఇనుమూ పూలదండలతో సహా గాలిలోకి లేచింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

పక్కనున్న మేస్త్రీ నర్సింహ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. ఈ పిల్ల లెక్క తప్పితే మా పానాలే పోతయ్. ఇప్పటిదాక తప్పలే. తోలుకపోతవా ఏంది?"

ఇంటికొచ్చాక సుందరి సర్దిన మూట నేనే విప్పాను.

తమ్ముడూ, నీ మాట కాదనడం ఇదే మొదలు. సుందరి రాదు. దాన్ని ఒంటరిగా ఉంచడం నీకిష్టం లేదు, నాకూ లేదు. అందుకని, మరదలికి అప్పగించి వచ్చిన నా దేవుడి పెట్టెను ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో పంపు. సుందరి అద్దెకుంటున్న ఇంటావిడ కిష్టమ్మ దానికోసం గోడగూడు ఖాళీ చేసి, అలికి, ముగ్గు పెట్టింది.

అక్క