ఎండుద్రాక్ష పడని అన్నకు

అన్నా,

కోపంగానే రాస్తున్నాను, అలాగే చదువు.

వాషర్‌మెన్‌పేట్‌లో కొత్తగా తెరిచిన ఆఫ్ఘన్ హోటల్‌కి నిన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచింది, నా కూతురు భరణి చేసుకోబోయే జెబకుమార్‌ని చూపించడానికి. ఆ హోటల్లో ఎండుద్రాక్ష వేసిన పులావు ఒకే పెద్ద పళ్ళెంలో తెస్తారు, అందరూ అందులోనే తింటారు. వాళ్ళ నాన్న కార్పొరేషన్‌లో మురిక్కాలవలు తీస్తాడని ఆ అబ్బాయి చెప్పాడో లేదో, పళ్ళెంలో పెట్టబోయిన చేయి నువ్వు వెనక్కి తీసుకున్నావు.

"నాకు షుగరు గదరా, ఈ ఎండుద్రాక్ష ఏరేసి తినాల. వేరే ప్లేటు చెప్పు" అన్నావు.

ప్లేటు తెచ్చిచ్చింది జెబకుమారే. చివరికి ఆ ప్లేటులో ఎండుద్రాక్ష ఒక్కటీ మిగల్లేదు.

"పెదనాయనకు షుగరు ఇంత బిరీన తగ్గిపాయనే!" అంది భరణి. నువ్వు నవ్వావు. ఆ అబ్బాయి నవ్వలేదు.

కులం మీద నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాడివి. కులమని చెప్పి ఉంటే నీతో వాదించేవాణ్ణి. జబ్బని చెబితే ఏం వాదించను?

పెళ్ళి భోజనం ఆ హోటల్‌కే చెప్పాను. పెళ్ళికొడుకు పక్కన, అతని పళ్ళెంలోనే నీకు చోటు. వేరే ప్లేటు కావాలంటే మాత్రం ఇంట్లోనే తిను.

ఇప్పటికీ నీ తమ్ముడు