వెనక కిటికీ

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ బావా, పిల్లలూ కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఉన్నా లేకపోయినా ఈసారి నా చేత తిట్లు తప్పవు, కూర్చొని చదువు.

మేస్టారి తోటలో రాతి కుండీ ఫొటో ఎందుకు పంపలేదని అడిగావు. పంపను. గేటు దగ్గర నిలబడితే బాట చివర ఆ కుండీ మీదే చూపు ఆగాలని నువ్వు ఆ పట్నంలో కూర్చొని తోట నమూనా గీసి పంపావు. నలుగురు మనుషుల్ని పెట్టి అలాగే నిలబెట్టించాను. దారిన పోయేవాళ్లంతా ఆగి మరీ మెచ్చుకున్నారు. సోమవారం తోటల పోటీ వాళ్లు కూడా గేటు దగ్గరే నిలబడి మార్కులేస్తారు. నీకు కావలసింది అదేగా!

ఎవరింట్లోనైనా తోట వేసేటప్పుడు నాన్న ఏం చేసేవాడో గుర్తుందా? పలుగు పట్టకముందే ఆ ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు కూర్చునే చోట స్టూలు వేసుకునేవాడు. మనం కర్రకి తెల్లగుడ్డ కట్టుకొని తోటంతా తిరిగేవాళ్లం. ఆయన "ఆపు!" అన్నచోట మేకు దిగేది. గేటు దగ్గర ఏనాడైనా కూర్చున్నాడా? అదంతా నీ పెద్ద చదువులో గాలికి వదిలేశావా?

ఎప్పుడూ వరండాలోనే మాట్లాడి పంపేసే మేస్టారు మొన్న లోపలికి రమ్మన్నారు. వెనక గదిలో వాళ్లావిడ ఉంది. మూడేళ్లుగా మంచం దిగలేదట. కిటికీలోంచి ఆవిడకి కనిపించేది కుండీకి దన్నుగా కట్టిన సిమెంటు దిమ్మ, నీళ్ల పంపు డబ్బా. అంతే.

"తోట చాలా బాగుందంటున్నారమ్మా అందరూ. నాకే ఎటు చూడాలో తెలియడం లేదు. కాస్త చూపించవూ?" అంది.

ఎగతాళిగా అన్నా భరించేదాన్ని. నిజంగానే అడిగింది. నా ఒళ్లు మండిపోయింది.

ఇంతసేపూ నిన్ను దులిపేశాను, ఇక దాచలేను. కొలతలప్పుడు "వెనక కిటికీ ఎవరి గదిది?" అని నువ్వు రాశావు. సామాన్ల గది, ఎప్పుడూ మూసే ఉంటుందని నేను జవాబు రాశాను. కిటికీకి పరదా ఉంది, ఎండ మాడ్చేస్తోంది, ఇంటికి పోవాలని నా తొందర. ఆ తలుపు తట్టలేదు, ఎవరినీ అడగలేదు. నాన్న కూతురినట, నేను! నీ మీద అరిచిందంతా నా మీది కోపమేరా.

నిన్న పొద్దున్నే ఆ మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. మేస్టారు గుడ్డ కట్టిన కర్ర పట్టుకొని తోటంతా తిరిగారు. జామచెట్టు పక్కకి రాగానే "అక్కడే ఆగండి" అని ఆవిడే అరిచింది. కుండీని అక్కడికి మార్పించాను. అంచు కాస్త విరిగింది. గేటు నుంచి చూస్తే ఇప్పుడు ఉత్త బాట, కంచె. నీ బహుమతి నా చేతుల్తోనే పోగొట్టాను. ఎంత తిట్టినా పడతాను. దాన్ని మళ్లీ కదపమంటే మాత్రం ఊరుకోను.

సోమవారం పోటీ వాళ్లని గేటు దగ్గర నిలబడనివ్వను. ఒక్కొక్కరినీ లోపలికి తీసుకెళ్లి ఆ స్టూలు మీద కూర్చోబెడతాను. ఎటు చూడాలో ఆవిడే చెబుతుంది.

ఇట్లు,
తలుపు తట్టని మీ అక్క