బండి ఎలా ఉందని అడిగావు

అక్కకి, నీ చెల్లెలి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఈయనకు పక్షవాతం వచ్చిందని తెలిసి రాసినవాళ్ళంతా ముందు మనిషిని అడిగారు. నువ్వు మాత్రం ముందు బండి ఎలా ఉందని అడిగి, ఆ తర్వాత ఈయన సంగతి అడిగావు. నీ దగ్గర దాపరికమెందుకు, కాస్త నొచ్చుకున్నాను. దేవుడి ముందు కూర్చుని లేచాక మనసు కుదుటపడింది. అక్క అడిగిందానికి జవాబు రాయాలి కదా అనుకున్నాను.

బండి ఆగిపోయింది అక్కా. ఈయన కుడి చెయ్యి పడిపోయాక కూడా రోజూ పొద్దున్నే నేనే తాళం తిప్పేదాన్ని. డీజిలు ఇంజను కదా, ముందు దగ్గి, గొంతు సవరించుకుని, ఆనక దారిలో పడేది. ఈయన వరండాలో కూర్చుని ఆ చప్పుడుకి తల ఊపుతూ, ఒక్కో మాట కూడదీసుకుని ‘పొగ ఎక్కువ’ అనో, ‘చాలు, ఆపు’ అనో అనేవారు. ఒకరోజు ఇంజను లేవలేదు. ఆ రోజు నుంచి ఈయనా నోరు విప్పడం లేదు. మాట్లాడిస్తుంటేనే మాట తిరిగి వస్తుందని డాక్టరు అంటాడు. దేని గురించి మాట్లాడించను? అబ్బాయేమో పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామంటాడు. నేను వాడికి ఎదురు చెప్పడం వాడు ఎప్పుడూ చూడలేదు. ఈసారి చూశాడు.

మా వీధి చివర కొత్తగా బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టిన మేస్త్రీ వచ్చి, పిస్టన్లు, అవి ఆడే లైనర్లు అన్నీ అరిగిపోయాయన్నాడు. విప్పి కొలతలు తీశాక కొందామన్నాడు గానీ, నాకు ఆగబుద్ధి కాలేదు. బండి కాగితాల్లో ఉన్న ఇంజను నంబరు పట్టుకుని, సంచీ భుజాన వేసుకుని సామాన్ల బజారంతా తిరిగాను. ఒక కొట్టాయన నంబరు చూసి, ‘ఈ బండి ఇంకా బతికే ఉందా అమ్మా?’ అని లోపలున్న వాళ్ళ నాన్నని పిలిచి మరీ చూపించాడు. చివరికి ఒక ఇరుకు కొట్టులో, అటక మీద, ఆఖరి సెట్టు దొరికింది. ఇంటికి తెచ్చి ముందు దేవుడి పటం ముందు పెట్టాను. ఈయనకు ఇంకా చెప్పలేదు.

ఆ బజారులో గ్రీజు వాసన తగలగానే పాత ఆదివారాలు గుర్తొచ్చాయి. బావగారి టాక్సీ, మా టాక్సీ మీ ఇంటి ముందు పక్కపక్కన ఆగి ఉండేవి. తోడల్లుళ్ళిద్దరూ బండ్ల కిందికి దూరితే మనకు కాళ్ళే కనిపించేవి. నువ్వు టీ తెచ్చి, ‘ఏ కాళ్ళకు చక్కెర తక్కువ?’ అని అడిగేదానివి.

బావగారు పోయాక, ఆ బండిని నీ కళ్ళ ముందు నుంచి తీసేయమన్నావు. ఈయన తీసుకెళ్ళారు. తర్వాత నువ్వు మనసు మార్చుకుని అడిగేసరికి, తుక్కు కింద పోయిందని తల దించుకుని చెప్పారు. అప్పటి నుంచి మా గడప తొక్కలేదు నువ్వు. మా బండి మీ వీధి మలుపు తిరగగానే గుమ్మంలోకి వచ్చేదానివి. ఈయన దిగడం చూసి లోపలికి వెళ్ళిపోయేదానివి. ఈయన మీద కోపం ఇంకా పోలేదా అక్కా?

నీ చెల్లెలు

*

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

మేస్త్రీ ఇంజను విప్పాడు. నేను తెచ్చిన పిస్టను అందులో పెడితే గిన్నెలో గరిటెలా ఊగింది. ‘పిస్టను చొక్కా కాదమ్మా, వదులైతే కుట్టు వేసుకోవడానికి’ అన్నాడు. తుడిచి చూస్తే ఇంజను మీదున్న నంబరు వేరు. ఇది ఈ బండితో పుట్టిన ఇంజను కాదు, దీని తర్వాత వచ్చిన రకానిది, ఎవరో మార్చారు అన్నాడు.

పిస్టను తీసుకెళ్ళి ఈయన ఒళ్ళో పెట్టాను. ఎడమ చేత్తో తిప్పి చూశారు. ఎన్నాళ్ళకో పెదవి కదిలింది.

‘ఇది కాదు. అది అన్నయ్యది.’

బావగారిని ఈయన అన్నయ్య అనే పిలిచేవారని నీకు తెలుసు కదా. ఆ పూటంతా పట్టింది, మిగతా మాటలు రావడానికి. తుక్కువాడు బండిని నలగ్గొట్టబోతుంటే ఈయనకు ప్రాణం ఒప్పలేదట. ఇంజను మాత్రం విప్పించి తెచ్చుకున్నారు. అప్పుడే మా ఇంజను చేతులెత్తేసి ఉంది. అందులో ఇది బిగించారు. అక్కకి ఎందుకు చెప్పలేదండీ అంటే, పిస్టన్ని నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

‘నాకు అవసరమూ ఉంది. అందుకే తీశాననుకుంటుంది. అందుకే కాదని... ఒట్టేసి చెప్పలేను.’

ఇంత పెద్ద మాట ఈ మధ్య ఈయన నోట వినలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నీ మనిషి గుండెలాంటిది మా ఇంట్లో పెట్టుకుని, నీకు చెప్పకుండా ఇన్నేళ్ళు తిరిగాం. మా ఇంట్లో అన్నం ఆ ఇంజను పెట్టిందే. దీనికి సరిపోయే సామాన్లు బజారులో లేనే లేవంటున్నాడు మేస్త్రీ. దొరికినా దొరక్కపోయినా, నువ్వేమంటే అది చేస్తాను. మీ ఇంటికి పంపమంటే పంపుతాను.

నీ చెల్లెలు

*

చెల్లీ,

పిచ్చిదానా, ఆ చప్పుడు నాకు తెలియదనుకున్నారా? రోజూ మీ బావకి అన్నం వడ్డించడానికి నేను లేచింది ఆ చప్పుడు విని కాదూ? ఇంజను మార్చిన తర్వాత మొదటిసారి మీ బండి మలుపు తిరిగినప్పుడే పోల్చుకున్నాను. పరుగున గుమ్మంలోకి వచ్చాను. మరిది దిగాడు. ఇవాళ చెబుతాడు, ఇవాళ చెబుతాడని ప్రతిసారీ చూశాను. బండి ఎలా ఉందని అడిగితే, బాగుంది వదినా అని తప్ప ఏమీ అనేవాడు కాదు. అందుకే లోపలికి వెళ్ళిపోయేదాన్ని. నా కోపం తీసుకున్నందుకు కాదే, చెప్పనందుకు. తుక్కులో కలవాల్సింది నలుగురికి అన్నం పెట్టింది. అంతకంటే ఏం కావాలి మీ బావకి?

మీ బావ మంచాన పడకముందే ఇంజను పనికని కొత్త పిస్టన్లు, లైనర్లు కొని పెట్టుకున్నారు. ఆ పెట్టె నా మంచం కిందే ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాస్తూ, గుడ్డలు మారుస్తూ వచ్చాను. ఇంజను ఎక్కడుందో తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు అరుగుతుందనీ తెలుసు. అరిగాక మరిది వచ్చి అడగక తప్పదనుకున్నాను. అందుకే బండి ఎలా ఉందని అడిగింది.

మరిది రాలేడు కనుక ఆ పెట్టె నేనే తెస్తున్నాను. బిగించాక ముందుగా తాళం తిప్పవద్దని మేస్త్రీకి చెప్పు. మరిదే తిప్పాలి, ఎడమ చేత్తోనైనా సరే. నేను మీ గుమ్మంలో నిలబడి వింటాను. ఈసారి లోపలికి వెళ్ళిపోను.

అక్క