నలభైకి మూడు తక్కువ

12 జూన్ 1989, సోమవారం

నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

పంపు హౌస్‌కి కొత్తగా వచ్చిన ఇంజనీరు సోమయాజులు గారు అందరి సర్వీస్ బుక్కులూ తెప్పించి చదివారు. ఇంతకు ముందు ఏ ఇంజనీరూ వాటి దుమ్ము కూడా దులపలేదు. నా పేజీ దగ్గర ఆగారట. కోదండం, శ్రీకాకుళం, ఇంటర్మీడియట్ సైన్స్ పాస్. మన తెలుగువాడు ఇంత చదువు చదివి పదకొండేళ్ళుగా ఈ బెంగాల్లో కాలవ దగ్గర చెత్త లాగుతున్నాడా అని బాధపడ్డారట. అసిస్టెంట్ ఆపరేటర్ పరీక్షకి నా పేరు ఆయనే రాసి పంపేశారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఆగస్టు 6. ఒకటే పేపరు, ఫిజిక్స్. వంద మార్కులు, పాస్ నలభై.

కోదండం మా అన్న. ఉద్యోగం కాగితం వచ్చిన పద్నాలుగో రోజున కామెర్లతో పోయాడు. నాన్న ఆ కాగితం నా చేతిలో పెట్టి, ఇకనుంచి నువ్వే కోదండం అన్నాడు. ఇప్పుడు నాన్నా లేడు. నా పేరు గురువులు. ఎనిమిదో తరగతి ఫెయిల్.

14 జూన్

బెంగాలీ వాళ్ళతో ఏ చిక్కూ రాలేదు. ఇక్కడ ప్రతివాడికీ రెండు పేర్లు. ఇంట్లో పిలవడానికి డాక్ నామ్, కాగితాల మీద భాలో నామ్. మా గుమాస్తా మృత్యుంజయ దాదాని వాళ్ళమ్మ బాపీ అంటుంది. మేముండే టికియాపారా బస్తీలో మనవాళ్ళు నన్ను గురువులు అని పిలుస్తుంటే విని, అది నా డాక్ నామ్ అనుకుని ఊరుకున్నారు. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. మా అమ్మాయి తవిటమ్మ కూడా అలాగే అనుకుంటుంది.

సోమయాజులు గారిది గుంటూరు. కోదండానికి గురువులు ముద్దుపేరంటే నమ్మరు.

ఈ డైరీ ఇన్నాళ్ళూ పంపు హౌస్ లాకర్‌లోనే ఉండేది. తెలుగు చదివేవాడు లేడు కదా అని ధైర్యం. ఇవాళ ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను. తవిటమ్మకి తెలుగు చదవడం రాదు.

18 జూన్, ఆదివారం

కాలేజ్ స్ట్రీట్‌లో పాత ఫిజిక్స్ పుస్తకం కొన్నాను. మొదటి పేజీలోనే లెక్కల మధ్య అక్షరాలు. అంకెల్ని కూడతారు గానీ అక్షరాల్ని కూడడమేమిటి?

తవిటమ్మ తొమ్మిదో తరగతి. తనని కూర్చోబెట్టుకున్నాను. చదివి చాలా ఏళ్ళయింది, మర్చిపోయాను అని చెప్పాను. x అంటే అసలు విలువ దొరికేదాకా దాని బదులు నిలబెట్టేది అని చెప్పింది. అది నాకు వెంటనే అర్థమయింది. మిగతాదే కాలేదు.

25 జూన్, ఉదయం 5 గంటలు

నిన్న తవిటమ్మ పెన్సిల్ కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నానా, నువ్వు ఇంటర్ సదివినావు గదా. స్క్వేర్ రూట్ తెల్దేటి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దాని మీద అరిచాను. ఏడ్చుకుంటూ పడుకుంది. సోమయాజులు గారి ప్రశ్న కూడా ఇదే అవుతుంది. ఇంటర్ చదివినవాడికి సున్నా వస్తే ఎవరైనా అడిగేది ఇదే. కిందటేడు ఇంకో డిపార్టుమెంటులో ఒకడు ఇలాగే చచ్చిపోయిన బావమరిది పేరు మీద దొరికాడు. ఉద్యోగం ఒక్కటే పోలేదు. పోలీసులు చేతికి తాడు కట్టి తీసుకెళ్ళారు, బస్తీ అంతా చూస్తుండగా.

3 జూలై

u ఎవరో v ఎవరో ఇంకా తెలియలేదు.

9 జూలై

మూడు రోజులుగా వాన. పంపులన్నీ నడుస్తున్నాయి. సోమయాజులు గారు గొడుగు వేసుకుని నా దగ్గరికొచ్చి, ప్రిపరేషన్ ఎలా ఉందని అడిగారు. తర్వాత, మీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిందెవరు అన్నారు. పేరు గుర్తు రావడం లేదు సార్, పొడుగ్గా ఉండేవారు అన్నాను. ఆయన నవ్వారు. ప్రతి కాలేజీలోనూ ఒక పొడుగాయన ఉంటాడు కాబట్టి బతికాను.

12 జూలై

ఇవాళ ఒకటి జరిగింది. భయం కాసేపు మర్చిపోయాను.

పంపు నీళ్ళని లాగుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. లాగదట. పైపులో గాలి తీసేస్తుంది, అంతే. బయటి గాలి నీళ్ళని లోపలికి తోస్తుంది. గాలి ఒత్తిడిని, నీటి సాంద్రతని, g ని పెట్టి లెక్క వేస్తే పది మీటర్ల చిల్లర వచ్చింది. నీళ్ళు అంతకంటే లోతుకి పోతే ఎంత మోటారు పెట్టినా పైకి రావు. మా పెద్ద మిస్త్రీ పాతిక అడుగులు దాటితే పంపుని నమ్మకు అంటాడు. ఎందుకో ఆయనకీ తెలియదు. నాకు తెలిసింది. తవిటమ్మని లేపి చెప్పాను. మొన్నటి కోపం మర్చిపోయి నవ్వింది.

14 జూలై, శుక్రవారం

చదవడం తప్పయిపోయింది.

మృత్యుంజయ దాదా టీ తాగుతూ అన్నాడు, పాసయినవాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇంజనీరుకి చూపించాలట. చేరినప్పుడు నేను టైపు కాపీ ఒకటే ఇచ్చాను. ఇంటికెళ్ళి ట్రంకులోంచి అన్న మెట్రిక్ సర్టిఫికెట్ తీశాను. కింద పుట్టుమచ్చల లైను ఉంది. ఎడమ చెంప మీద ఒక పుట్టుమచ్చ. మెడ మీద ఒకటి.

నా చెంప మీద ఏమీ లేదు.

ఇక్కడి సర్టిఫికెట్లలో ఆ లైను ఉండదట. దాదా అయితే పేరు చూసి సంతకం పెట్టేవాడు. సోమయాజులు గారి సర్టిఫికెట్లోనూ ఆ లైను ఉంటుంది. ఆయన చూపు ముందు అక్కడికే పోతుంది.

పాసయితే సర్టిఫికెట్. సున్నా వస్తే అనుమానం. అడకత్తెరలో పోకచెక్క నేనే.

16 జూలై

మా ఆవిడ సింహాచలమ్మకి చెప్పాను. బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత అంది,

"నేను నీ పేరు ఏనాడూ పలకనేదు మావా. ఎవులడిగినా నాకేటి తెల్దంటాను."

మొగుడి పేరు పలకకూడదన్నది మా వాళ్ళ ఆచారం. అది నన్ను కాపాడుతుందని ఆవిడ నమ్ముతోంది. నేను తల ఊపాను.

20 జూలై

దారి దొరికింది. ఫెయిలవ్వాలి, కానీ పరువుగా. కిందటిసారి ఒకడికి ముప్పై అయిదు వస్తే పాపం కొద్దిలో పోయిందన్నారు, మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు. ఏడు కరెక్టుగా రాయాలి. ఎనిమిది రాస్తే చచ్చానన్నమాట. ఆ ఏడూ కచ్చితంగా కరెక్టని నాకు తెలియాలి. మిగతావి తప్పు రాయాలి, ఆ తప్పు చదువుకున్నవాడి తప్పులా ఉండాలి. కిలోమీటర్లని మీటర్లుగా మార్చకపోవడం, మైనస్ గుర్తు మర్చిపోవడం లాంటివి. అంటే పుస్తకం మొత్తం రావాలి. పాసవ్వడానికి కూడా ఇంత చదవక్కర్లేదు.

28 జూలై

రోజూ ఉదయం రెండు గంటలు. తవిటమ్మ ఇచ్చిన ఇరవై లెక్కల్లో ఇరవై వచ్చాయి. అది చప్పట్లు కొట్టింది. రేపటి నుంచి తప్పులు ప్రాక్టీసు చెయ్యాలి.

6 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం

రాశాను.

పేపరు సులువు. ఏడు ఎంచుకుని శుభ్రంగా చేశాను. మిగతావాటికి సూత్రం రాయకుండా తప్పు జవాబులు మాత్రం వేశాను. పదహారో ప్రశ్న పంపు గురించి. నీళ్ళు ఎంత ఎత్తు దాకా వస్తాయి, ఎందుకు? నా ప్రశ్న అది. ఆ హాల్లో నాకంటే బాగా రాసేవాడు లేడు. సూత్రం రాసి, అంకెలు పెట్టి, పది మీటర్లు వచ్చే చోట కావాలనే వంద అని రాశాను. వంద మీటర్లు! మా పెద్ద మిస్త్రీ చూస్తే ఉమ్మేస్తాడు. కాగితం ఇచ్చి బయటికొచ్చాక ఏడుపొచ్చింది. ఎవరికి చెప్పుకోను? ఇంట్లో పేపరు కష్టంగా ఉందని చెప్పాను.

13 ఆగస్టు

భయం. వేరే ఏమీ లేదు రాయడానికి.

19 ఆగస్టు, శనివారం

ముప్పై ఏడు!

మృత్యుంజయ దాదా లిస్టు టైపు కొడుతూ చెప్పాడు. ఏడు లెక్కలకి ముప్పై అయిదు, పదహారో ప్రశ్నలో సూత్రం రాసినందుకు రెండు. మూడు మార్కుల్లో పోయిందని నా భుజం తట్టాడు. నేను విచారంగా మొహం పెట్టాను. హౌరా దాకా నడిచి జిలేబీ కొన్నాను. ఫెయిలయినవాడు జిలేబీ తెచ్చాడేమిటని తవిటమ్మ అడిగితే, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. సింహాచలమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. రెండు నెలల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

21 ఆగస్టు, సోమవారం

సోమయాజులు గారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. నన్ను ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు.

"మూడు మార్కుల కోసం మనవాణ్ణి వదులుకుంటానా కోదండం? గ్రేస్ మార్కులు వేయించాను, నలభై అయ్యాయి. రేపు ఒరిజినల్స్ పట్టుకురా. నేనే చూసి సంతకం పెడతాను."

లేచి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆయన కళ్ళు చెమర్చాయి.