తేట నీళ్ళకి వెల్లుల్లి ముద్ద

బావా,

కొండ మీద లేక్‌లో మంచు కరిగింది, మన ఎరల షాప్ తెరిచాను. నిరుడు నీ పడవ ఖాళీగా ఒడ్డుకొచ్చినప్పటి నుంచి అక్క లేక్ వైపు కిటికీ తీయలేదు. నువ్వింక రావని ఆమెకి నచ్చజెప్పడానికి నాకు చలికాలమంతా పట్టింది.

ఈరోజు మొదటి బేరం మన తెలుగబ్బాయే, డెన్వర్ నుంచి వచ్చాడు. ట్రౌట్ చేపలకి ఎర కావాలన్నాడు. వానపాముల డబ్బా తీశాను.

“అది వద్దన్నా. నీళ్ళు తేటగున్నయంట, వెల్లుల్లి ముద్ద తీస్కోమన్నడు. ఆడ రాయి మీద కూసున్న అంకుల్ చెప్పిండు, మీ షాప్‌లనే దొరుకుతదని.”

“ఎలా ఉన్నాడాయన?”

“కళ్ళద్దాలకు షూ లేసు కట్టుకున్నడు.”

అద్దాలు నీళ్ళలో పడకుండా అలా లేసు కట్టుకునేది నువ్వొక్కడివే. కలక నీళ్ళకి వానపాము, తేట నీళ్ళకి ముద్ద అని నాకు నేర్పింది నువ్వే. చపాతీ పిండిలో వెల్లుల్లి, సోంపు దంచి వేసేవాడివి. “నా పిండి మీ చేపలకా!” అని తిడుతూనే అక్క పిసికిచ్చేది. నువ్వు పోయాక ఎవరూ చేయలేదు. ముద్ద లేదని చెప్పి, వానపాములే ఇచ్చి పంపాను. ఈ సంగతి అక్కకి మాత్రం చెప్పకూడదనుకున్నాను.

సాయంత్రం ఇంటి తలుపు తీయగానే వెల్లుల్లి వాసన. అక్క పిండి పిసుకుతోంది.

“ఏంటక్కా ఇది?”

“నీళ్ళు తేటగా ఉన్నాయటరా” అంది, తలెత్తకుండా.

కిటికీ మూసే ఉంది. షాప్‌లో సంగతి నేను చెప్పనేలేదు. మరి అక్కకి ఎవరు చెప్పారు బావా?