నా పేరు పిలిచినప్పుడు లేచినవాళ్ళు

నాన్నా,
నేను కులాసా, బెంగపడకు. మంగళవారం మా స్కాలర్‌షిప్ పిల్లలకి సన్మానం చేశారు. ఇక్కడ పేరు పిలవగానే ఆ పిల్ల ఇంటివాళ్ళు లేచి నిలబడాలట. నాకెవరున్నారులే అని తల దించుకునే వేదికెక్కాను. కుర్చీల చప్పుడైంది. చూద్దును కదా, ఒకప్పుడు ఇదే స్కాలర్‌షిప్‌తో చదివినవాళ్ళు రెండు వరసలు లేచి నిలబడ్డారు! అంతా కలలోలా తేలిపోతూ కనిపించింది. వాళ్ళలో ఒక డాక్టరమ్మ నా కోటు అంచు తడిమి, "ఎవరు కుట్టారే ఇంత ముచ్చటగా?" అంది. "మా నాన్న" అన్నాను.

ఆ కోటు గుండీ ఒకటి ఊడింది, అలాంటిదే పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? చెల్లిని నా దుప్పటి వాడుకోమను. చదువయ్యాక నేనూ ఏటా వచ్చి ఎవరో ఒకరి కోసం లేచి నిలబడాలి. అమ్మమ్మకి దండాలు.

అన్నట్టు, ఆ రోజు నాలుగింటికి, సరిగ్గా నా పేరు పిలిచిన వేళకి, కుట్టు మిషను ముందు నుంచి నువ్వు ఊరికే లేచి నిలబడ్డావా? నాకెందుకో అలా అనిపించింది.

నీ పెద్దది