నిస్తారిణి వాకిట్లో కుళాయి

దాదా,

నీ పాదాలకు ప్రణామాలు. కలకత్తాలో నీళ్ల గొట్టాల పటాలు గీసే అన్నవి నువ్వుండగా, కుళాయి వెళ్లి మా తోటికోడలు నిస్తారిణి వాకిట్లో పడింది. నీకు చేతులెలా వచ్చాయి?

నాకొద్దన్న మాట నిజమే. కుళాయిలో తోలు బిళ్ల ఉంటుందనీ, ఆ నీళ్లు మైలనీ వీధంతా చాటిందీ నేనే. ఆవిడేమో బిందెలో ఉద్ధరిణెడు గంగ కలిపి, శుద్ధయిపోయిందంటూ వంటకు వాడేస్తోంది. ఆ కుళాయిలో వచ్చేదీ గంగే కదా!

వీధి ఆడవాళ్లంతా ఇప్పుడు ఆవిడ చుట్టూనే. నన్ను చూస్తే, "నీకెందుకులే చెల్లీ, నీకు చెరువు నీళ్లే మడి!" అని నవ్వుతుంది. అదీ ఓర్చుకున్నాను. నిన్న మా ఆయన నేనిచ్చిన చెంబు పక్కకు నెట్టి, "వదిన నీళ్లు తియ్యగా ఉంటాయే" అంటూ అటు వెళ్లి తాగొచ్చారు.

మా వాకిట్లోనూ కుళాయి వేయించు. నేనడిగానని మాత్రం ఎవరితోనూ అనకు. సర్కారు బలవంతాన పెట్టిందని నలుగురిలో నేనే ఏడుస్తాను.

వచ్చే ఏడు మురుగు కాలవ కూడా తవ్విస్తారట కదా. అందులో నాకు వాటా వద్దు. మా ఇంట్లో వాడిన నీళ్లన్నీ ఆవిడ గుమ్మం ముందు నుంచే పోయేలా గీత గియ్యి.

నీ చెల్లెలు